కోవిడ్ టీకా వేసిన డాక్టరు మీద కేసు నిలుస్తుందా? జర్మనీ తీర్పు చూశాక మన సంగతేంటి?

పల్నాటి_డాక్టరు | 12 అక్టోబరు 2025, రాత్రి 10:14

మొన్న 9వ తేదీన జర్మనీలో సివిల్ కేసులకు పైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కోవిడ్ టీకా తర్వాత గుండె జబ్బు పట్టుకుందని, నష్టపరిహారం ఇప్పించమని ఒక పేషెంటు టీకా వేసిన ప్రైవేటు డాక్టరు మీద దావా వేశారు. కోర్టు కుదరదంది. ఆ రోజుల్లో టీకా వేసిన డాక్టరు చేసింది సర్కారు పని, అడగాలంటే సర్కారునే అడగాలి అని తేల్చేసింది.

2021లో నేను పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ని. బళ్లలో, పంచాయతీ ఆఫీసుల్లో, చివరికి చింతచెట్టు కింద కుర్చీలేసి కూడా వేయించాం. అప్పుడు కేసుల గురించి ఆలోచించే తీరికే లేదు. ఇప్పుడు అడగడానికి కారణం వేరే. మా పక్క టౌన్లో నర్సింగ్ హోం నడిపే సీనియర్ ఒకాయనకి లాయరు నోటీసు వచ్చింది. 2021 జులైలో ఆయన దగ్గర డబ్బులిచ్చి టీకా వేయించుకున్న మనిషి కొన్ని వారాలకి పక్షవాతంతో పోయారట. కుటుంబం ఇప్పుడు పంపింది. పెద్దాయన నిద్రపోవట్లేదు.

మన చట్టంలో టీకా వేసిన చేతికి రక్షణ ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_బార్ | 12 అక్టోబరు, రాత్రి 11:02

డాక్టరు గారూ, జర్మనీలోలాగా ఒక్క ముక్కలో తేలే జవాబు మన దగ్గర లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది.

1897 నాటి అంటువ్యాధుల చట్టంలో 4వ సెక్షన్ ఉంది. ఈ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పనికి ఎవరి మీదా దావా నిలవదు అంటుంది. వినడానికి బాగుంది. అయితే "ఈ చట్టం కింద" అన్న మాట దగ్గర ఆగండి. టీకా కార్యక్రమం నడిచింది ఎక్కువగా కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల మీద. ఫలానా నర్సింగ్ హోంలో వేసిన టీకా ఈ చట్టం కింద చేసిన పనేనా అని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతాడు.

నన్నడిగితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 73వ సెక్షన్ కాస్త గట్టిది. ప్రభుత్వ అధికారులు, ఉద్యోగులతో ఆగకుండా, ప్రభుత్వం తరఫున పనిచేసే వ్యక్తులను కూడా కలుపుతుంది. కోవిన్‌లో (సర్కారు టీకాల నమోదు పోర్టల్) నమోదైన ప్రైవేటు టీకా కేంద్రం ప్రభుత్వం తరఫున పనిచేసిందని వాదించొచ్చు. జర్మనీ కోర్టు అన్నదీ దాదాపు అదే కదా. మన సుప్రీంకోర్టు ఈ పాయింటు మీద నేరుగా తేల్చిన కేసు నాకు ఎదురుపడలేదు.

రెండు చోట్లా "సదుద్దేశం" అనే ఉంది. నిర్లక్ష్యానికి అది మందు కాదు. గడువు దాటిన వయల్ (టీకా సీసా) వాడి, సదుద్దేశంతోనే వాడానంటే ఏ జడ్జీ వినడు.

రైన్_ఒడ్డున | 13 అక్టోబరు, ఉదయం 1:40

జర్మనీలో జనరల్ ప్రాక్టీసులో ఉన్నాను. ఆ తీర్పు మీద ఇక్కడి మా తెలుగు డాక్టర్ల గ్రూపులో కూడా పెద్ద చర్చే నడిచింది.

కోర్టు చెప్పింది 2023 ఏప్రిల్ 7 వరకు వేసిన టీకాల గురించి. అప్పటిదాకా ప్రత్యేక ఆదేశం అమల్లో ఉంది. టీకా వేయించుకునే హక్కు జనానికి, ఆ హక్కు తీర్చే బాధ్యత సర్కారుకు, ఆ పని చేసిపెట్టినవాళ్లం మేము. కాబట్టి పొరపాటు ఉంటే ఇక్కడి రాజ్యాంగం 34వ అధికరణం ప్రకారం బాధ్యత సర్కారు మీదికి పోతుంది. ఆ తేదీ తర్వాత మామూలు లెక్కే, మా ఇన్సూరెన్సు మేము చూసుకోవాలి.

ఇంకో సంగతి ఇండియాలో చాలామందికి తెలీదు. ప్రభుత్వం సిఫారసు చేసిన టీకా వల్ల నష్టం జరిగితే ఇక్కడ ఎవరి తప్పూ నిరూపించక్కర్లేకుండానే పింఛను, వైద్యం ఇచ్చే చట్టం కోవిడ్‌కు ఎంతో ముందు నుంచే ఉంది. జబ్బు టీకా వల్లే వచ్చి ఉండొచ్చని తేలడం మాత్రం తేలిక కాదు, దరఖాస్తుల్లో తిరస్కరించేవే ఎక్కువ. అయినా తట్టడానికి ఒక తలుపుంది.

డబ్బు సంగతి ఎవరో ఒకరు అడుగుతారు గనక ముందే చెప్తున్నా. మాకు ఒక్కో టీకాకు మొదట్లో 20 యూరోలు, 2021 నవంబరు నుంచి 28 ఇచ్చారు.

సూదిమందు | 13 అక్టోబరు, ఉదయం 7:25

28 యూరోలా! మన ప్రైవేటు ఆసుపత్రులకు 2021 మార్చిలో సర్వీసు చార్జీ 100 రూపాయలు, జూన్ నుంచి గరిష్ఠంగా 150. ఆ 150కి జీవితాంతం కేసు భయం ఫ్రీ 😀

అమ్మ_ఏఎన్ఎం | 13 అక్టోబరు, ఉదయం 8:10

అందరూ డాక్టరు డాక్టరు అంటున్నారు. సూది పొడిచింది డాక్టరా? మా అమ్మ ఏఎన్ఎం. మీ పీహెచ్‌సీల్లో కూడా వేసింది ఆవిడలాంటి వాళ్లే. ఊళ్లో ఎవరికి ఏం జరిగినా గుమ్మం ముందుకొచ్చేది వాళ్ల దగ్గరికే. మా వీధిలో ఒక ముసలాయన టీకా వేయించుకున్న వారానికి పోతే, ఆయన కొడుకు మా ఇంటి గేటు పట్టుకుని తిట్టాడు. ఆ ముసలాయనకి అప్పటికే రెండు స్టెంట్లు.

కేసు పడితే ఏఎన్ఎంకి లాయర్ని ఎవరు పెడతారు? 2020లో అంటువ్యాధుల చట్టం మార్చి, వైద్య సిబ్బందిని కొడితే 3 నెలల నుంచి 5 ఏళ్ల జైలు అన్నారు. మంచిదే. కొట్టకుండా కోర్టుకు లాగితే?

గుంటూరు_బార్ | 13 అక్టోబరు, ఉదయం 9:33

@అమ్మ_ఏఎన్ఎం, సర్కారు ఉద్యోగి డ్యూటీలో చేసిన నిర్లక్ష్యానికి పరిహారం కట్టాల్సింది సర్కారే. 1996లో అచ్యుతరావు ఖోడ్వా కేసులో సుప్రీంకోర్టు ఇది చెప్పింది. ఆపరేషన్ చేసి కడుపులో టవల్ వదిలేసిన కేసు అది, డబ్బు కట్టింది మహారాష్ట్ర ప్రభుత్వం. అమ్మగారిని పార్టీగా చేర్చొచ్చు, జేబులోంచి కట్టే పరిస్థితి దాదాపు రాదు.

ఇక వినియోగదారుల కోర్టు సంగతి. 1995లో వీపీ శాంతా కేసు ఈ గీత గీసింది. ఎవరి దగ్గరా పైసా తీసుకోని ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదు. పీహెచ్‌సీలో ఉచితంగా వేసిన టీకాకు అక్కడ ఫిర్యాదు కుదరదు. అదే డబ్బు తీసుకుని వేసిన చోట, అది 780 రూపాయల కోవిషీల్డ్ అయినా, 1,410 రూపాయల కోవాగ్జిన్ అయినా, వినియోగదారుడే. పల్నాటి డాక్టరు గారి సీనియర్ చిక్కు అక్కడే ఉంది. ఒకే రోజు, ఒకే కంపెనీ టీకా, ఒకటే జబ్బు. పీహెచ్‌సీ డాక్టరుకు ఒక లెక్క, నర్సింగ్ హోం డాక్టరుకు ఇంకో లెక్క.

కృష్ణలంక_వాసి | 13 అక్టోబరు, మధ్యాహ్నం 1:18

చదువుతుంటే ఒళ్లు మండుతోంది. అందరూ డాక్టరు ఎలా తప్పించుకోవాలా అనే చూస్తున్నారు. మా బావ 41 ఏళ్ల మనిషి. మొదటి డోసు వేయించుకున్న తొమ్మిదో రోజున తలనొప్పి అన్నాడు. టీకా వేసిన చోటికే వెళ్తే పారాసెటమాల్ ఇచ్చి పంపారు. రెండు రోజులకి ఐసీయూ, మెదడులో గడ్డ. అక్కయ్య ఇప్పటికీ ఆ ఆసుపత్రి పేరు పలకదు, నేనూ ఇక్కడ రాయను. ఏఈఎఫ్ఐ రిపోర్టు (టీకా తర్వాత వచ్చిన ఇబ్బంది మీద పైకి పంపేది) పెట్టారా అని అడిగితే "అవన్నీ పైవాళ్లు చూసుకుంటారు" అన్నారు. పైవాళ్లు ఎవరో ఈరోజుకీ తెలీదు.

తప్పు లేదని మీరంటారు, సరే. మాకు ఎవరు చెప్పాలి?

ఇమ్యునైజేషన్_రిటైర్డ్ | 13 అక్టోబరు, సాయంత్రం 5:50

కృష్ణలంక బాబూ, మీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది, అందులో రెండో మాట లేదు. తీవ్రమైన ఏఈఎఫ్ఐ అయితే 24 గంటల్లో జిల్లాకు చేరాలి. జిల్లా కమిటీ ఆరా తీసి రాష్ట్రానికి పంపుతుంది, అక్కడ, ఆపైన కేంద్రంలో కారణం ఏమిటన్నది నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి కొన్ని గుర్తులున్నాయి. లాయరు గారు కూడా వినండి, కేసంతా వీటిలోనే ఉంది.

ఏ1 అని రాస్తే టీకా మందు స్వభావం వల్ల వచ్చిన రియాక్షన్. ఏ2 టీకా నాణ్యతలో లోపం. ఏ3 టీకా వేయడంలో జరిగిన పొరపాటు. ఏ4 భయంతో, కంగారుతో కళ్లు తిరగడం వంటివి. బి అంటే తేల్చడానికి ఆధారాలు చాలవని, సి అంటే టీకాతో సంబంధం లేకుండా ఆ సమయానికి కలిసొచ్చిన జబ్బు అని.

వేసిన మనిషి మీదికి నేరుగా వచ్చేది ఏ3 ఒక్కటే. మన దేశంలో కోవిడ్ టీకా వల్లనే అని అధికారికంగా ఒప్పుకున్న మొదటి మరణం 68 ఏళ్ల పెద్దాయనది. 2021 మార్చి 8న వేయించుకున్నారు, అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే తీవ్రమైన ఎలర్జీ. జూన్‌లో కేంద్ర కమిటీ రిపోర్టు బయటికొచ్చింది. అది ఏ1. అక్కడ సూది వేసిన నర్సు తప్పేముంది? మందు పడని శరీరం అని ముందు ఎవరికి తెలుస్తుంది?

అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని షామ్లీలో ముగ్గురు ఆడవాళ్లు కోవిడ్ టీకాకని వెళ్తే కుక్కకాటు టీకా వేసి పంపారు. సిద్ధార్థనగర్ జిల్లాలో ఇరవై మందికి మొదటి డోసు కోవిషీల్డ్, రెండోది కోవాగ్జిన్ వేశారు. ప్రాణనష్టం జరగలేదు గానీ ఏ చట్టమూ వీటిని సదుద్దేశం కింద కప్పెట్టకూడదు.

మా హయాంలో సెషన్‌కి వెళ్తే నేను మొదట చూసేది రెండే. తెరిచిన వయల్ మీద తెరిచిన టైము పెన్నుతో రాసి ఉందా? కోవిషీల్డ్ తెరిస్తే 4 గంటలే. రెండోది, అనాఫిలాక్సిస్ కిట్‌లో అడ్రినలిన్ యాంప్యూల్ తేదీ. బల్ల మీద కిట్ ఉంటుంది, తెరిచి చూస్తే ఆ యాంప్యూల్ ఎప్పుడో గడువు దాటి ఉంటుంది. కోర్టులో డాక్టరును ముంచేది అదీ.

ఎడిసన్_ఫార్మసీ | 13 అక్టోబరు, రాత్రి 11:47

అమెరికా సంగతి కూడా వేస్తాను. న్యూజెర్సీలో ఫార్మసిస్టుని, వేల టీకాలు వేశాను. ఇక్కడ ప్రెప్ యాక్ట్ అని 2005లో చేసిన చట్టం ఉంది. దాని కింద సర్కారు డిక్లరేషన్ (ప్రకటన) ఇస్తే తయారుచేసిన కంపెనీ నుంచి సూది వేసిన ఫార్మసీ స్టూడెంట్ దాకా ఎవరి మీదా నష్టపరిహారం దావా నడవదు. కావాలని చేసిన దుర్మార్గం ఒక్కటే మినహాయింపు. కోవిడ్ డిక్లరేషన్‌ను 2029 చివరిదాకా పొడిగించారు కూడా.

ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1976కి వెళ్లాలి. స్వైన్ ఫ్లూ వస్తుందని భయపడి హడావుడిగా టీకా చేశారు. ఇన్సూరెన్సు కంపెనీలు మేం పూచీ ఉండమన్నాయి. చివరికి కాంగ్రెస్ చట్టం చేసి పూచీ సర్కారే నెత్తినేసుకుంది. దాదాపు 4.5 కోట్ల మందికి వేశాక గిలాన్-బారే పక్షవాతం కేసులు బయటపడి, డిసెంబరులో ఆపేశారు. వేల క్లెయిములు వచ్చాయి, మహమ్మారి మాత్రం రాలేదు.

మా దగ్గర డాక్టరుకు నిశ్చింత, బాధితుడికి నరకం. దావా వేయలేడు కాబట్టి సీఐసీపీ అనే పథకానికి దరఖాస్తు పెట్టుకోవాలి. టీకా వేసిన ఏడాదిలోపు పెట్టాలి, ఆ సంగతి చాలామందికి ఏడాది దాటాకే తెలుస్తుంది. బాధకు, మనోవ్యథకు పైసా ఇవ్వరు.

డాక్టర్లను కాచే ఆ డాలుకీ ఈమధ్య ఒక చిల్లు పడింది. నార్త్ కరోలినాలో 14 ఏళ్ల అబ్బాయికి తల్లి ఒప్పుకోకపోయినా టీకా వేసేశారు. ఈ మార్చిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, నష్టపరిహారం దావా కుదరదు గానీ రాష్ట్ర రాజ్యాంగ హక్కుల కింద కేసు నడవొచ్చు అంది.

నిజం_కక్కిస్తా | 14 అక్టోబరు, ఉదయం 6:02

[ఈ వ్యాఖ్య తొలగించబడింది]

మోడరేటర్ | 14 అక్టోబరు, ఉదయం 6:40

టీకాలన్నీ విషం, డాక్టర్లందరినీ ఉరి తీయాలి రకం పోస్టులు ఈ చర్చలో ఉండవు. కృష్ణలంక_వాసి గారిలాగా జరిగింది చెప్పండి, ఎంత కోపంగా అయినా సరే.

గుంటూరు_బార్ | 14 అక్టోబరు, ఉదయం 10:20

మన దగ్గర ఆ డాలూ లేదు, ఆ పథకమూ లేదు. ఫైజర్, మొడెర్నా మన ప్రభుత్వాన్ని కేసుల నుంచి పూచీ అడిగాయి, ఇవ్వలేదు, వాటి టీకాలు ఇక్కడ వాడనే లేదు.

టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు అమ్మాయిల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అందులో ఒక కుటుంబం హైదరాబాదుది. 2022 నవంబరులో కేంద్రం వేసిన అఫిడవిట్ చదవండి. టీకా స్వచ్ఛందం, ఎవరినీ బలవంతపెట్టలేదు, అరుదుగా జరిగే మరణాలకు ప్రభుత్వం నేరుగా బాధ్యత వహించదు, నిర్లక్ష్యం జరిగిందనుకుంటే సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు అని. 2025 అక్టోబరు నాటికి ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అంతకుముందు కేరళ హైకోర్టు పరిహారానికి మార్గదర్శకాలు చేయమని చెప్తే, అదీ సుప్రీంకోర్టుకే చేరింది.

ఆ అఫిడవిట్ అర్థం ఏమిటో చూడండి. నిర్లక్ష్యం నిరూపించమంటున్నారు. ఎవరి నిర్లక్ష్యం? కంపెనీ ల్యాబులో ఏం జరిగిందో గుంటూరులో ఉన్న విధవరాలు నిరూపించగలదా? ఆమెకు కనపడేది సూది వేసిన ఆసుపత్రి ఒక్కటే. నోటీసు అక్కడికి పోతుంది. సర్కారు పక్కకు తప్పుకున్నందువల్లే ఈ డాక్టర్ల మెడకు చుట్టుకుంటోంది. నా అభిప్రాయం ఇది, తిట్టదలిస్తే తిట్టండి.

రైన్_ఒడ్డున | 14 అక్టోబరు, మధ్యాహ్నం 2:05

తిట్టడం దేనికి, మా దగ్గర కోర్టు దీనికి తలకిందులుగా, భారం సర్కారు మీదే పెట్టింది కదా. బ్రిటన్‌లో కూడా 1979 నుంచి చట్టం ఉంది, 60 శాతం వైకల్యం తేలితే 1,20,000 పౌండ్లు ఒకేసారి ఇస్తారు. తక్కువే, అయినా ఇస్తారు. అక్కడ మహమ్మారిలో టీకా వేసినవాళ్లకు సివిల్ దావాల నుంచి రక్షణ కూడా ఇచ్చారు.

పల్నాటి_డాక్టరు | 14 అక్టోబరు, రాత్రి 9:30

ఇంకో అనుమానం. మా సీనియర్‌కు వచ్చిన నోటీసులో ముఖ్యమైన ఆరోపణ టీకా తప్పుగా వేశారని కాదు. గడ్డలు కట్టే ప్రమాదం ఉందని చెప్పలేదని, సంతకం తీసుకోలేదని. కోవిషీల్డ్‌కు సంతకం కాగితమే లేదు కదా?

ఇమ్యునైజేషన్_రిటైర్డ్ | 14 అక్టోబరు, రాత్రి 10:11

లేదు. సంతకం తీసుకున్నది కోవాగ్జిన్‌కు, అదీ 2021 జనవరి నుంచి మార్చి దాకా, "క్లినికల్ ట్రయల్ మోడ్" అన్నప్పుడు, అంటే ఇంకా ప్రయోగ దశలో ఉన్న టీకాగా వేసినప్పుడు. టీకా వల్లే తీవ్ర హాని జరిగిందని రుజువైతే పరిహారం భారత్ బయోటెక్ ఇస్తుందని ఆ కాగితంలోనే ఉండేది. మోడ్ ఎత్తేశాక కాగితమూ పోయింది. కోవిన్‌లో నమోదు చేసుకుని, వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచారంటే ఒప్పుకున్నట్టే అని నడిపేశాం.

గుంటూరు_బార్ | 15 అక్టోబరు, ఉదయం 9:05

సంతకం లేకపోవడం పెద్ద విషయం కాదు, తెలియజెప్పారా లేదా అన్నదే పెద్ద విషయం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, నిర్ణయం తీసుకోవడానికి సరిపడా సమాచారం ఇవ్వాలంది. అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదని కూడా అంది. ఇది డాక్టరు పక్షాన పనికొస్తుంది.

అవతలి పక్షం మాత్రం 2021 మే 17 తేదీ పట్టుకుంటుంది. ఆ రోజు కేంద్ర ఆరోగ్య శాఖ, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టిన 26 కేసులు తేలాయని, పది లక్షల డోసులకు 0.61 అని ప్రకటించింది. 20 రోజుల్లోపు ఊపిరాడకపోయినా, ఛాతీనొప్పి వచ్చినా, వాంతులతో కలిసి గానీ విడిగా గానీ తలనొప్పి ఆగకపోయినా ఆసుపత్రికి రమ్మని చెప్పండి అంది. జులైలో వేసిన టీకా కాబట్టి, మీ సీనియర్ ఆ మాట చెప్పారా, కనీసం గోడకు కాగితం అంటించారా అని అడుగుతారు.

కృష్ణలంక_వాసి | 15 అక్టోబరు, ఉదయం 11:48

మా బావకి వేసింది జూన్‌లో. అంటే తలనొప్పి అని వెళ్లినప్పటికే వాళ్ల దగ్గర ఆ ఆదేశం ఉంది! నాలుగేళ్ల నుంచి ఒక్క మనిషి నాకీ ముక్క చెప్పలేదు.

గుంటూరు_బార్ | 15 అక్టోబరు, మధ్యాహ్నం 12:30

@కృష్ణలంక_వాసి, మీ కేసు పల్నాటి గారు చెప్పినదానికన్నా బలమైనది. ఎందుకంటే మీ ఫిర్యాదు టీకా మీద కాదు, తర్వాత వచ్చిన తలనొప్పిని పట్టించుకోకపోవడం మీద. దానికి ఏ అంటువ్యాధుల చట్టమూ అడ్డు రాదు, అది మామూలు వైద్య నిర్లక్ష్యం. ముందు సమాచార హక్కు కింద జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి రాసి, బావగారి పేరు మీద ఏఈఎఫ్ఐ నమోదైందా, ఏ గుర్తు ఇచ్చారు అని అడగండి. అక్కయ్య గారి చేత అడిగించండి, వేరేవాళ్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడతారు. ఆసుపత్రి నుంచి ఓపీ చీటీ నకలు, ఐసీయూ కేస్ షీటు తెప్పించండి.

గడువు ఒక్కటే ఇబ్బంది. వినియోగదారుల ఫిర్యాదుకు 2 ఏళ్లు. కోవిడ్ వల్ల 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. అలా చూసినా 2024 మార్చి మొదటికే అయిపోయింది. ఆలస్యం మన్నించమని కారణాలతో అడగొచ్చు. రికార్డు ఇవ్వకుండా తిప్పారని చూపగలిగితే ఆశ ఉంది.

@పల్నాటి_డాక్టరు, మీ సీనియర్‌కూ ఇదే గడువు వర్తిస్తుంది, జవాబులో మొదటి పేరా అదే రాయించండి.

సూదిమందు | 15 అక్టోబరు, సాయంత్రం 4:16

అరెస్టు చేస్తారా అన్నది ఎవరూ చెప్పలేదు. కొత్త చట్టంలో డాక్టర్లకు 2 ఏళ్లు అంటున్నారు.

గుంటూరు_బార్ | 15 అక్టోబరు, సాయంత్రం 6:44

నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే, 2024 జులై 1 నుంచి జరిగినవాటికి కొత్త శిక్షాచట్టం బీఎన్ఎస్‌లో 106వ సెక్షన్. మామూలువాళ్లకు 5 ఏళ్ల దాకా, వైద్యం చేస్తూ జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్ల దాకా. 2021 నాటిదానికి పాత ఐపీసీలోని 304-ఎ. ఏదైనా 2005 జేకబ్ మాథ్యూ తీర్పు ఉంది కదా, ఘోరమైన నిర్లక్ష్యం కనపడాలి, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా పోలీసులు ముందుకెళ్లకూడదు. మహమ్మారి రోజుల్లో టీకాల విషయంలో డాక్టర్లు జైలుకెళ్లింది ముంబై కాందివలి లాంటి చోట్ల. అక్కడ అపార్టుమెంటు వాళ్లకు వేసింది అసలు టీకాయే కాదు. అది నిర్లక్ష్యం కేసు కాదు, మోసం కేసు.

పల్నాటి_డాక్టరు | 15 అక్టోబరు, రాత్రి 10:55

సీనియర్‌తో మాట్లాడాను. టీకా గది గోడకు మే నెల హెచ్చరిక తెలుగులో ప్రింటు తీసి అంటించారట, రిజిస్టరులో అరగంట కూర్చోబెట్టిన టైములు కూడా ఉన్నాయి. ఆ గోడ ఫొటో అప్పట్లో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన నర్సు కోసం ఇప్పుడు వెతుకుతున్నారు. స్టేటస్ ఫొటో సాక్ష్యంగా చెల్లుతుందా లాయరు గారూ?

గుంటూరు_బార్ | 15 అక్టోబరు, రాత్రి 11:20

తేదీతో సహా అసలు ఫైలు ఫోనులో ఉంటే, సర్టిఫికెట్ జతచేసి పెట్టొచ్చు. ఫోను మార్చొద్దని, ఫార్మాట్ చేయొద్దని ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పించండి. కోవిన్ రికార్డులో బ్యాచ్ నంబరు ఉంటుంది, అదీ ప్రింటు తీయండి. రిజిస్టరులో కొట్టివేతలుంటే అలాగే ఉంచండి, ఎవరూ పెన్ను పెట్టొద్దు.